ముందు నీళ్లు ఆపడం రావాలి

కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి రెండు గంటల వేళ, వాష్ బేసిన్ కింద గోడకూ కుళాయికీ మధ్య ఉండే కనెక్షన్ పైపు పగిలింది. నాకు మెలకువ వచ్చేసరికి నీళ్లు స్నానాలగది దాటి పడకగది గడప దాకా వచ్చేశాయి. నిజానికి పైపు పగలడం పెద్ద విషయమేమీ కాదు. గోడలోంచి నీళ్లు వచ్చే చోట ఉన్న యాంగిల్ కాక్ కట్టేస్తే నిమిషంలో అంతా సద్దుమణిగేది. అయితే దాన్ని బిగించిన రోజు తరవాత మా ఇంట్లో ఎవరూ ముట్టుకున్న పాపాన పోలేదు. సున్నంలాంటి తెల్లటి పొర కట్టి అది బిగుసుకుపోయింది. బలంకొద్దీ తిప్పబోతే పిడి ఊడి చేతిలోకి వచ్చింది. మేడ మీదికి పరిగెత్తి, ట్యాంకు నుంచి దిగే గొట్టానికి ఉన్న గేట్ వాల్వ్ తిప్పాను. చక్రం తిరుగుతూనే ఉంది కానీ నీళ్లు ఆగలేదు; లోపల గేటు, చక్రానికి కలిపి ఉండే కడ్డీ (స్పిండిల్) నుంచి విడిపోయి ఎప్పటినుంచో పైనే ఇరుక్కుని ఉందని మర్నాడు ప్లంబర్ విప్పి చూపించాడు. ఆ రాత్రి మాత్రం ట్యాంకు ఖాళీ అయ్యేదాకా బకెట్లతో, పాత దుప్పట్లతో కుస్తీ పట్టవలసి వచ్చింది.

ఇంటి గొట్టాల గురించి ఎవరు సలహా అడిగినా నేను కుళాయి దగ్గర కాక వాల్వ్ దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఆ రాత్రే. బాగుచేయడం రాకపోయినా ప్లంబర్ వచ్చి చేస్తాడు. అతను వచ్చేదాకా నీళ్లు ఆపడం మాత్రం ఇంట్లో ఉన్నవాళ్లకే రావాలి. అందుకని ఒక సెలవు రోజున ఇల్లంతా తిరిగి ఏ వాల్వ్ కడితే ఏ గదికి నీళ్లు ఆగుతాయో చూసుకుని, ప్రతిదానికీ ఒక చీటీ కట్టి, ఆ సంగతి ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చూపించడం మంచిది. ఏడాదికి రెండుసార్లయినా ప్రతి వాల్వ్‌నూ పూర్తిగా మూసి తెరిస్తే లోపల పొర పేరుకుని పట్టేయకుండా ఉంటుంది. గేట్ వాల్వ్‌ను చివరికంటా తెరిచిన తరవాత పావు చుట్టు వెనక్కి తిప్పి వదిలితే బిగుసుకుపోయే అవకాశం తగ్గుతుంది. ఇప్పటికే బిగుసుకుపోయినదాన్ని ఒకే ఊపులో తిప్పాలని చూడకూడదు. స్పిండిల్ చుట్టూ రెండు చుక్కలు తుప్పు వదిలించే నూనె వేసి, కొంతసేపు ఆగి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలిస్తూ వదులు చేయాలి. మా ఇంట్లో మేడమీది గేట్ వాల్వ్ స్థానంలో పిడి ఉండే బాల్ వాల్వ్ పెట్టించాను. పిడి గొట్టం వెంబడే ఉంటే నీళ్లు వస్తున్నట్టు, అడ్డంగా ఉంటే ఆగినట్టు. చీకట్లో చేత్తో తడిమినా తెలుస్తుంది.

ఆ పగిలిన కనెక్షన్ పైపు సంగతి కూడా చెప్పాలి. పైకి స్టీలు తీగల అల్లికతో అది దిట్టంగా కనిపిస్తుంది కానీ నీళ్లను నిజంగా మోసేది లోపలి రబ్బరు గొట్టమే. అల్లిక దాన్ని ఉబ్బకుండా పట్టి ఉంచుతుంది, అంతే. అల్లికలో ఒకటి రెండు తీగలు తెగినా, తుప్పు చుక్కలు కనిపించినా, ఎక్కడైనా ఉబ్బెత్తుగా తగిలినా, వంపు దగ్గర నలిగినట్టున్నా ఇక ఆలోచించకుండా మార్చేయాలి. ఏ లోపమూ కనిపించకపోయినా నేను అయిదేళ్లకోసారి మార్చేస్తున్నాను, ఎందుకంటే పగిలినప్పుడు జరిగే నష్టంతో పోలిస్తే దాని ఖర్చు ఏపాటిది కాదు. దాని నట్టును పానతో బలంకొద్దీ బిగించడం చాలామంది చేసే పొరపాటు. అక్కడ నీటిని ఆపేది మరలు కాదు, నట్టులోని రబ్బరు వాషర్. చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన పానతో పావు చుట్టు తిప్పితే సరిపోతుంది. అంతకు మించితే వాషర్ తెగుతుంది, లేదా నట్టు పగులు పట్టి నెలల తరవాత ఏ అర్ధరాత్రో విడిపోతుంది.

ఇక చుక్కలు కారే కుళాయి. దీన్ని ఎంత తేలిగ్గా తీసుకుంటామో తెలుసుకోవాలని ఒకసారి మా పెరటి కుళాయి కింద లీటరు సీసా పెట్టి గడియారం చూశాను. ఎనభై నిమిషాలకు సీసా నిండింది. అంటే రోజుకు 18 లీటర్లు, ఏడాదికి 6,570 లీటర్లు. చుక్కే కదా అనుకున్నది ఏడాది తిరిగేసరికి పెద్ద ట్యాంకులు కొన్నింటికి సరిపడా నీరయింది. చుక్కలు పడుతుంటే మనం సాధారణంగా చేసే పని కుళాయిని ఇంకా గట్టిగా కట్టడం, దాంతో లోపలి రబ్బరు మరింత నలిగి, రేపు ఇంకాస్త గట్టిగా కట్టవలసి వస్తుంది.

పాత తరహా కుళాయిని, అంటే రెండు మూడు చుట్లు తిప్పితే గానీ పూర్తిగా తెరుచుకోని దాన్ని, ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవచ్చు. ముందు ఆ గదికి వచ్చే నీళ్లు ఆపి, కుళాయి తెరిచి గొట్టంలో మిగిలినవి పోనివ్వాలి. సింకు రంధ్రంలో గుడ్డ కుక్కాలి. కుక్కకపోతే పిడి మీది చిన్న మర సరిగ్గా అందులోకే దొర్లుతుంది, ఇది నేను రెండుసార్లు అనుభవించి చెబుతున్న మాట. పిడి తీసి, కింది నట్టును పానతో వదులు చేసి తిప్పితే స్పిండిల్ మొత్తం పైకి వస్తుంది. దాని అడుగున నాణెమంత నల్లటి రబ్బరు వాషర్ ఉంటుంది. పాడైన వాషర్‌ను వేరే గుర్తుపట్టనక్కర్లేదు: ఏళ్ల తరబడి ఒకే చోట నొక్కుకోవడం వల్ల దాని ముఖం మీద ఉంగరం అచ్చు గుద్దినట్టు గుండ్రటి గాడి పడి, ఒక పక్కన చిట్లి ఉంటుంది. కొత్తది వేయబోయే ముందు కుళాయి లోపలికి చిటికెన వేలు పెట్టి, వాషర్ కూర్చునే ఇత్తడి గట్టును ఒకసారి తడిమి చూడాలి. నున్నగా ఉంటే మంచిదే. వేలికి గరుకుగా గానీ చిన్న గుంటగా గానీ తగిలితే, ఆ గుంటలోంచి నీరు దారి చేసుకుంటూనే ఉంటుంది. ఎన్ని వాషర్లు మార్చినా నెలకోసారి అదే కథ. గట్టును నున్నగా అరగదీసే చిన్న పనిముట్టు దొరుకుతుంది, లేదంటే కుళాయి మార్చడమే మేలు. కుళాయి తెరిచి ఉన్నప్పుడు మాత్రమే పిడి కింద నుంచి చెమర్చినట్టు నీరు కారుతుంటే తప్పు వాషర్‌ది కాదు, స్పిండిల్ చుట్టూ ఉండే రింగుది.

పావు చుట్టుకే తెరుచుకునే ఇప్పటి కుళాయిల్లో వాషర్ ఉండదు. రెండు నున్నటి సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జరిగి, వాటి రంధ్రాలు ఎదురుపడినప్పుడు నీళ్లు వదులుతాయి. ఇవి ఏళ్ల తరబడి మన్నుతాయి కానీ వాటి మధ్యలో ఒక్క ఇసుక రేణువు పడితే గీత పడి కారడం మొదలవుతుంది. అప్పుడు ఆ బిళ్లలు ఇమిడి ఉండే కార్ట్రిడ్జ్ మొత్తం మార్చవలసిందే. కొలత నోటితో చెప్పి తెచ్చుకుంటే దాదాపు ఎప్పుడూ సరిపోదు, పాతది జేబులో వేసుకుని వెళ్లడమే మంచిది.

చుక్క పడే కుళాయి కనీసం చప్పుడు చేస్తుంది. ఫ్లష్ ట్యాంకు చప్పుడైనా లేకుండా అంతకంటే ఎక్కువ నీళ్లు పోగొడుతుంది, ఎందుకంటే లోపలి రబ్బరు మూత సరిగ్గా కూర్చోకపోతే నీరు టాయిలెట్ గిన్నె లోపలి గోడ వెంట సన్నటి పొరలా జారిపోతూ కంటికి కనిపించదు. అనుమానం ఉంటే ట్యాంకులో ఏదైనా ముదురు రంగు కొంచెం కలిపి, ఫ్లష్ చేయకుండా ఇరవై నిమిషాలు వదిలేయాలి. ఆ రంగు కిందికి దిగి కనిపిస్తే మూత కారుతున్నట్టే. చాలాసార్లు మూతను, అది కూర్చునే అంచును పాత బ్రష్షుతో శుభ్రం చేస్తేనే కారడం ఆగిపోతుంది. రబ్బరు గట్టిపడి వంకర పోయి ఉంటే మాత్రం మార్చాలి. శుభ్రత కోసమని ట్యాంకులో వేసే బ్లీచింగు బిళ్లలు ఆ రబ్బరును త్వరగా పాడుచేస్తాయి కాబట్టి నేను వాటిని మానేశాను. నీటిమట్టం కూడా చూడాలి: అదనపు నీరు పోయే నిలువు గొట్టం అంచుకు రెండు సెంటీమీటర్లయినా కింద నీళ్లు ఆగాలి. ఆ గొట్టంలోకి నీరు పొర్లుతుంటే ట్యాంకులో నీటి మీద తేలే బంతిని కొంచెం దించితే సరి.

మురుగు గొట్టాల విషయానికి వస్తే, సింకు కింద వంపు తిరిగిన ఆ గొట్టం ఎందుకు వంపు తిరిగి ఉంటుందో తెలిస్తే సగం సమస్యలు వాటంతటవే అర్థమవుతాయి. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు, టాయిలెట్ కింద ఎస్ ఆకారపు వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉండేలా చేసి పేటెంటు పొందాడు. ఆ నిలిచిన నీరే మురుగు వాయువులు ఇంట్లోకి రాకుండా అడ్డుకునే తలుపు. మన ఇళ్లలోని ట్రాపులన్నీ, అంటే నీరు నిలిచే ఇలాంటి వంపులన్నీ, ఆ సూత్రం మీదే పనిచేస్తాయి. కాబట్టి ఎవరూ వాడని స్నానాలగదిలోంచి దుర్వాసన వస్తుంటే, మందులు చల్లే ముందు నేల మీది జాలీలో ఒక చెంబెడు నీళ్లు పోసి చూడాలి. ట్రాపులో నీరు ఆవిరైపోవడమే తొంభై పాళ్లు కారణం. చాలా రోజులు ఊరెళ్లేటప్పుడు ఆ నీటి మీద రెండు చెంచాల నూనె వేసి వెళితే త్వరగా ఆరిపోదు. ఒక సింకులో నీళ్లు వదిలినప్పుడు పక్క జాలీ గుడగుడమంటే అది వేరే జబ్బు: మురుగు గొట్టంలోకి గాలి అందించే గాలి గొట్టం ఎక్కడో మూసుకుపోయి, దిగే నీరు పక్క ట్రాపులోని నీటిని పీల్చేస్తున్నదన్నమాట. మేడ మీద గాలి గొట్టం మూతిలో ఆకులో, పక్షి గూడో ఉందేమో చూడాలి.

సింకు పూడుకుపోవడానికి ముఖ్య కారణం జిడ్డు. వేడి నీళ్లతో పోస్తే పోతుందని అనుకుంటాం, పోతుంది కూడా, కానీ కొన్ని అడుగుల దూరం పోయి చల్లబడగానే గొట్టం గోడకు పేరుకుంటుంది; చేతికి అందే చోటునుంచి అందని చోటుకు మనమే దాన్ని సాగనంపుతున్నాం. గిన్నెలోని జిడ్డును కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయడం కంటే మంచి ఉపాయం నాకు కనిపించలేదు. స్నానాలగదిలో ఇదే పాత్ర జుట్టుది. సబ్బు నురుగుతో కలిసి అది తాడులా పేనుకుంటుంది, వారానికోసారి జాలీ ఎత్తి తీసేస్తే చాలు.

పూడిక పడ్డాక మొదట వాడవలసింది రబ్బరు పంపు. పంపు అడుగున ఉండే రబ్బరు గిన్నె మునిగేంత నీరు సింకులో ఉండాలి, బేసిన్ పైభాగంలో ఉండే చిన్న రంధ్రాన్ని తడిగుడ్డతో మూయాలి. అది తెరిచి ఉంటే మన బలమంతా ఆ రంధ్రంలోంచి గాలిగా పోతుంది. నొక్కడం కంటే లాగడమే ముఖ్యం. పది పదిహేనుసార్లకు కదలకపోతే కింద బకెట్టు పెట్టి ట్రాపును చేత్తో విప్పి కడగాలి, తరవాత స్ప్రింగు తీగను గొట్టంలోకి దూర్చి చూడాలి. పూడిక కరిగించే మందుల మీద మాత్రం నాకు సదభిప్రాయం లేదు. వాటిలో చాలావాటిలో ఉండే కాస్టిక్ సోడా నీటితో కలిసినప్పుడు వేడి పుడుతుంది. పూర్తిగా మూసుకుపోయిన గొట్టంలో అది అక్కడే నిలిచి, ప్లాస్టిక్కు గొట్టాన్ని మెత్తబరచవచ్చు, తరవాత ట్రాపు విప్పినవాడి చేతుల మీద పడవచ్చు. ఒకవేళ పోసి ఉంటే ప్లంబర్‌కు ఆ సంగతి ముందే చెప్పాలి. యాసిడ్‌నూ బ్లీచింగునూ ఒకదాని వెంట ఒకటి పోయడం మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు, అదీ తలుపు మూసిన చిన్న గదిలో.

నీళ్లు సన్నగా వస్తున్నాయని ప్రెషర్ పంపు కొనే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: సన్నగా వస్తున్నది ఒక్క కుళాయిలోనా, అన్నింటిలోనా? ఒక్కదానిలోనే అయితే కుళాయి మూతికి ఉండే జాలీ మరను విప్పి చూడండి. ఇసుక, ప్లాస్టిక్కు పొట్టు, సున్నపు పలుకులు కనిపిస్తాయి. రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే సున్నం కరుగుతుంది. షవర్ తలకూ ఇదే వైద్యం. వేడి నీళ్లు మాత్రమే సన్నగా వస్తుంటే గీజర్ దారిలో పొర పేరుకున్నట్టు. కఠిన జలం వేడెక్కినప్పుడే కాల్షియం కార్బొనేట్ ఎక్కువగా దిగబడుతుంది. అన్ని కుళాయిలూ మొదటినుంచీ అంతే అయితే ట్యాంకు ఎత్తు చూడాలి. పది మీటర్ల నీటి ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది, అంటే షవర్‌కు మూడు మీటర్ల పైనున్న ట్యాంకు ఇచ్చేది 0.3 బార్ మాత్రమే. ఇది పాడవడం కాదు, లెక్క. అక్కడ పంపు కొనడంలో అర్థం ఉంది.

కుళాయి గభాలున కట్టినప్పుడు, లేదా వాషింగ్ మెషీన్ నీళ్లు నింపుకుని ఆగినప్పుడు గోడలో ఎవరో సుత్తితో కొట్టినట్టు ధన్‌మని వినిపిస్తే, పరుగెత్తే నీరు ఒక్కసారిగా ఆగి తన వేగాన్ని ఒత్తిడిగా మార్చుకున్నదన్నమాట. రష్యా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ జుకోవ్‌స్కీ మాస్కో నీటి గొట్టాల మీద ప్రయోగాలు చేసి 1898లో దీన్ని వివరించాడు. గొట్టాన్ని గోడకు పట్టి ఉంచే క్లాంపులు వదులైతే ఈ చప్పుడు రెట్టింపవుతుంది, కీళ్లు కూడా క్రమంగా వదులవుతాయి. క్లాంపులు బిగించి, వాల్వ్‌ను నెమ్మదిగా కట్టడం అలవాటు చేసుకుని, అప్పటికీ తగ్గకపోతే దెబ్బను మింగే చిన్న గాలి గది పెట్టించుకోవాలి.

గీజర్ దగ్గర నాకు కనిపించిన అతి ప్రమాదకరమైన అలవాటు, చుక్కలు పడుతున్నాయని సేఫ్టీ వాల్వ్ మూతిని మూసేయడం. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 25 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరితే సుమారు 380 మిల్లీలీటర్లు పెరుగుతాయి, ఆ పెరిగిన నీటికి ఎక్కడో దారి కావాలి. వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడటం ఆ వాల్వ్ తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు. రోజంతా ధారగా కారితే ప్లంబర్‌ను పిలవాలి, మూయకూడదు. ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా అది ముందు తాను కరిగిపోతుంది. రెండేళ్లకోసారి తీయించి చూసుకుని, అరిగిపోయి ఉంటే మార్పించాలి. స్విచ్చు కట్టేసి, కరెంటు లేదని నిర్ధారించుకున్నాకే గీజర్ మీద చేయి వేయాలని వేరే చెప్పనక్కర్లేదు.

అన్నింటికంటే చికాకు పెట్టేది గోడలో చెమ్మ. అది లోపలి గొట్టం నుంచా, బయటి వాన నుంచా, గదిలోని ఆవిరి నుంచా అన్నది తేలకుండా గోడ పగలగొట్టించకూడదు. చెమ్మ ఉన్న చోట జానెడు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేస్తే, చుక్కలు గది వైపు పట్టినప్పుడు అది ఆవిరి, గోడ వైపు పట్టినప్పుడు గోడలోంచి వస్తున్న నీరు. తరవాత అన్ని కుళాయిలూ కట్టి, ట్యాంకుకు నీళ్లు రాకుండా ఆపి, ట్యాంకులో నీటిమట్టానికి పెన్సిలుతో గీత పెట్టి రాత్రంతా ఉంచాలి. మీటరు ఉన్నవాళ్లు అంకె రాసి పెట్టుకోవచ్చు. గీత కిందికి మట్టం దిగితే సరఫరా గొట్టం కారుతున్నట్టు, దిగకపోతే మురుగు గొట్టాన్నో టైల్సు మధ్య సందులనో అనుమానించాలి. స్నానం చేసిన రోజుల్లోనే చెమ్మ పెరిగి మిగతా రోజుల్లో ఆరుతుంటే ఆ అనుమానం దాదాపు ఖాయం.

మా స్నానాలగది టైల్సు మార్పించినప్పుడు, గోడలు మూసే ముందు ప్రతి గోడకూ ఫోటో తీశాను. గొట్టం పక్కన కొలత టేపు తెరిచి పట్టుకుని, నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం అన్నది ఫోటోలోనే చదవగలిగేలా తీశాను. పని చేస్తున్న మేస్త్రీ నన్ను చూసి నవ్వాడు. ఏడాది తిరగకముందే అద్దం తగిలించడానికి అతన్నే మళ్లీ పిలిచాను. డ్రిల్లు ఆనించబోతున్న చోటికి నాలుగు వేళ్ల పక్కన వేడి నీళ్ల గొట్టం నిలువుగా దిగుతున్నట్టు ఫోటోలో ఉంది. అతను డ్రిల్లు దించి, ఆ ఫోటోను కాసేపు చూసి, అద్దాన్ని జానెడు ఎడమకు జరిపాడు.